రథం రోజు దొరికే దారి మిగతా రోజుల్లోనూ కావాలి

ఎడిటర్ గారికి,

నమస్కారం. మాది మంగళగిరి. మెయిన్ బజారులో ఇరవై రెండేళ్లుగా చిన్న మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాను. జాకెట్ ముక్కలు, లైనింగు, ఫాల్స్, దారపు రీళ్లు అమ్ముతాను. వెనక గదిలో పికో మెషిన్ ఉంది, ఒక అమ్మాయి సాయానికి వస్తుంది. ఈ మధ్య మా బజారులో ఎవరిని కదిలించినా బండ్లు పెట్టుకునే చోటు గురించే మాట. షాపుల వాళ్లకు పార్కింగ్ కావాలి, నడిచేవాళ్లకు దారి కావాలి. నాకు రెండూ కావాలి. స్కూటీ మీద వచ్చి షాపు తీసేదాన్ని నేనే, నడిచి వచ్చేవాళ్ల బేరాల మీద బతికేదాన్నీ నేనే. పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి, కాస్త పొడుగైతే మన్నించండి.

మా అత్తయ్యకు డెబ్బై నాలుగేళ్లు. పెళ్లై ఈ ఊరు వచ్చిన నాటి నుంచీ శనివారం శనివారం దిగువ గుడికి నడిచి వెళ్లి లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకోవడం ఆవిడకు అలవాటు. కొండ మీద పానకాలస్వామి దగ్గరికి మెట్లెక్కి పోయే ఓపిక ఎప్పుడో తగ్గింది గానీ, దిగువ గుడికి మాత్రం మానలేదు. ఇంటి నుంచి మా షాపు దాకా వచ్చి, గ్లాసుడు మంచినీళ్లు తాగి, స్టూలు మీద కాసేపు కూర్చుని, మళ్లీ లేచి గాలిగోపురం వైపు వెళ్లేవారు. దారిలో పూలమ్మే ఆవిడతో రెండు మాటలు, తెలిసిన వాళ్లు కనబడితే నాలుగు మాటలు. గుడికి వెళ్లడమంటే ఆవిడకు ఇవన్నీ కలిపే.

పోయిన కార్తీకంలో ఒక శనివారం పొద్దున పదింటికి వస్తున్నారు. మా షాపుల మెట్ల ముందు బండ్లు వరసగా ఉన్నాయి. మెట్లకూ బండ్లకూ మధ్య మనిషి పట్టే సందు లేదు. ఆవిడ రోడ్డు మీదికి దిగి, బండ్ల వెనక నుంచి చుట్టి వద్దామనుకున్నారు. అవతలి వైపు ఒక కారు ఆపి ఉంది. ఎదురుగా వస్తున్న ఆటో దాన్ని తప్పించుకోబోయి ఇటు జరిగింది. ఆటో అద్దం ఆవిడ భుజానికి తగిలింది. తగిలింది మెల్లగానే, కానీ ఆవిడ చెయ్యి ఆనించి పడ్డారు. కుడిచేతి మణికట్టు విరిగింది. ఆటో అబ్బాయే ఎత్తి కూర్చోబెట్టి, అదే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కట్టు కట్టించే దాకా మాతోనే ఉన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. వాడి తప్పు ఉందని నేను ఈ రోజుకీ అనుకోను.

ఆ వరసలో మా మెట్లకు అడ్డంగా ఉన్న స్కూటీ నాది. పొద్దున్నే నేనే తెచ్చి పెట్టాను.

సాయంత్రం ఇంటికి వచ్చాక అడిగాను, బండ్ల మధ్య నుంచి రాకుండా రోడ్డు మీదికి ఎందుకు దిగారు అత్తయ్యా అని. "నీ బండి పక్క నుంచి వస్తే కొంగు తగిలి పడిపోతుందేమో, కొత్త బండి, గీతలు పడతాయని దిగానమ్మాయ్" అన్నారు. ఒక్క మాట కూడా నన్ను అనలేదు. అనుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. ఆరు వారాలు ఎడంచేత్తో అన్నం తింటుంటే చూశాను. కట్టు విప్పాక కూడా ఆవిడ మళ్లీ నడిచి గుడికి వెళ్లలేదు. "ఆటో మాట్లాడు, లేకపోతే వద్దులే" అంటున్నారు. చెయ్యి అతుక్కుంది గానీ ధైర్యం పోయింది.

అప్పటి నుంచి మా వీధిని నేను వేరేగా చూడడం మొదలుపెట్టాను. గుడ్డ కొలిచే ఇనప మీటరు బద్ద తీసుకుని, ఒక సాయంత్రం షాపు కట్టే ముందు కొలిచాను. మా మెట్టు అంచు నుంచి బండి చక్రం దాకా నలభై సెంటీమీటర్లు. అంటే నేను అమ్మే జాకెట్ ముక్కలో సగం. పక్క షాపు ముందు అదీ లేదు, బొమ్మకు చీర కట్టి బయట నిలబెట్టారు. ఆ పక్కన బోర్డు, ఆ పక్కన మురుగుకాలవ మీద పలక ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా. మా అమ్మాయి సివిల్ ఇంజనీరింగ్ చదివింది. రోడ్లకు కొలతలు, ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ వాళ్ల పద్ధతి ప్రకారం నడిచే దారి ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలనీ, బజార్లలో అంతకన్నా ఎక్కువే ఉండాలనీ తనే చెప్పింది. ఎదురెదురుగా వచ్చే రెండు చక్రాల కుర్చీలు ఒకదాన్నొకటి దాటాలంటే అంత వెడల్పు కావాలట. మా వీధిలో ఒక చక్రాల కుర్చీకే దారి లేదు. మూడు చక్రాల బండి మీద వచ్చే ఒకాయన లైనింగు గుడ్డ కోసం మా షాపుకు వస్తే, రోడ్డు మీదే ఆగి పిలుస్తాడు. నేను దిగి వెళ్లి, వెనక హారన్లు మోగుతుండగా ముక్క చూపించి, డబ్బులు తీసుకుని వస్తాను. ఇన్నేళ్లుగా అది నాకు మర్యాదలాగే అనిపించింది. ఆయన షాపులోకి రావడానికి దారి లేదన్న సంగతి తట్టలేదు.

ఇంకో లెక్క కూడా తీశాను. ఇది మా బజారు వాళ్లకు నచ్చకపోవచ్చు, అయినా రాస్తున్నాను. ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి మా షాపు నుంచి సందు మూల దాకా మా వైపు నిలిపి ఉన్న బండ్లు లెక్కపెట్టాను. ఇరవై మూడు. ఇరవై రెండేళ్లుగా అక్కడే కూర్చుంటున్నదాన్ని కాబట్టి ఏ బండి ఎవరిదో నాకు తెలుసు. పదిహేను బండ్లు మావే. అంటే షాపుల యజమానులవి, పనిచేసే పిల్లలవి. పొద్దున షాపు తీసేటప్పుడు వచ్చి రాత్రి షట్టర్ వేసే దాకా కదలవు. కొనడానికి వచ్చినవాళ్లవి ఎనిమిది. అవి పావుగంటకో అరగంటకో పోతాయి, ఇంకొకటి వస్తుంది. "పార్కింగ్ లేక బేరాలు పోతున్నాయి" అని అందరం అంటున్నాం. ఆ పార్కింగ్ నింపి కూర్చున్నది మేమే.

మా పక్క స్టీలు సామాన్ల షాపు బాబాయి గారితో ఈ మాట అంటే, ఆయన కోప్పడలేదు. ఆలోచించే మాట చెప్పారు. "అమ్మాయ్, నేను బండి తీస్తే ఆ చోటు ఖాళీగా ఉంటుందనుకున్నావా? ఎవడో కారు తెచ్చి పెట్టి పూట పూటంతా మాయమవుతాడు. నా షాపు ముఖమే కనబడదు. అందుకే నా బండి నేనే అడ్డం పెట్టుకుంటున్నా." నిజం. నేనూ అందుకే పెట్టేదాన్ని. నాలాగే చాలామంది అవసరం కొద్దీ కాదు, కాపలాకు బండి పెడుతున్నారు. ఒక్కరు తీస్తే లాభం లేదని ప్రతి ఒక్కరికీ తెలుసు, అందుకే ఎవరూ తీయరు. మనుషులు చెడ్డవాళ్లు కావడం వల్ల వచ్చిన చిక్కు కాదిది. గీత లేకపోవడం వల్ల వచ్చింది. ఎక్కడి దాకా నడిచే దారో, ఎక్కడి నుంచి బండి చోటో నేల మీద కనబడాలి. అది అందరికీ ఒకేలా వర్తించాలి.

పార్కింగ్ అవసరం లేదని మాత్రం నేను అనను. అలా అనేవాళ్లు షాపులో కూర్చుని చూసి ఉండరు. విజయవాడ నుంచి, గుంటూరు నుంచి, పెళ్లిళ్ల సీజన్‌లో హైదరాబాద్ నుంచి కూడా మా ఊరికి చీరల కోసం కార్లలో వస్తారు. నిజాం అంచు చీర కావాలని వెతుక్కుంటూ వచ్చే వాళ్లున్నారు. ఒక్క కుటుంబం పది చీరలు కొంటే పది ఫాల్స్, పది జాకెట్ ముక్కలు నాకు బేరం. వాళ్లు అరగంట తిరిగి చోటు దొరక్క వెళ్లిపోతే నష్టం నాకే కాదు, మగ్గం మీద కూర్చున్నవాళ్లకు కూడా. మా వీధికి నేతగాళ్లు వస్తారు. చీరలు మూటగట్టి సైకిల్ వెనకో, పాత మోపెడ్ మీదో పెట్టుకుని షాపు షాపుకీ చూపిస్తారు. ఆ మూట భుజాన వేసుకుని దూరం నుంచి నడిచి రమ్మని ఎవరు చెప్తారు? మోకాళ్లు నొప్పులున్న పెద్దవాళ్లను గుడి దగ్గర దించాలంటే కారు కాసేపు ఆగాల్సిందే. వీధిలో పై అంతస్తుల్లో కాపురాలున్నాయి. గ్యాస్ బండ రావాలి, అర్ధరాత్రి అవసరమైతే 108 రావాలి.

అయితే ఎవరు ఎలా వస్తున్నారో కూడా చూడాలి కదా. ఒక శనివారం బిల్లు పుస్తకం వెనక అట్ట మీద గీతలు గీశాను. ఆ రోజు మా షాపుకు 61 మంది వచ్చారు. 34 మంది నడిచి వచ్చినవాళ్లు, వాళ్లలో చాలామంది గుడికి వచ్చి వెళ్తూ ఎక్కినవాళ్లే. 16 మంది బండి మీద, ఏడుగురు ఆటో దిగి, నలుగురు కార్లో. కార్లో వచ్చిన నలుగురూ పెద్ద బిల్లులే చేశారు, దాచను. కానీ పది రూపాయల దారపు రీలు, యాభై రూపాయల లైనింగు కొనే ముప్పై నలుగురు మళ్లీ వచ్చే శనివారం కూడా వస్తారు. సీజన్ లేని రోజుల్లో షాపు అద్దె కట్టేది వాళ్లు. ఇది ఒక్క షాపు, ఒక్క రోజు లెక్క. దీన్నే పట్టుకుని ఊరంతా మార్చమని అడగడం లేదు. ప్రతి షాపు వాళ్లూ ఒక్క వారం ఇలా గీతలు గీస్తే ఎవరి మీద బతుకుతున్నామో మనకే తెలుస్తుంది. మన ముందు నుంచి రోజూ నడిచి పోయేవాళ్లను మనం లెక్కలోకే తీసుకోవడం లేదు.

ఇక ముఖ్యమైన మాట. ఈ వీధి ఖాళీ కాదు, ఇది పాత బజారు, ఇంతే అని చాలామంది అంటారు. ఏడాదికొకసారి ఖాళీ అవుతుంది కదా! ఫాల్గుణ మాసంలో బ్రహ్మోత్సవాలు వస్తాయి. స్వామి కల్యాణం అయిన మరునాడు, పౌర్ణమి రోజున పెద్ద రథం గాలిగోపురం ముందు నుంచి బయలుదేరి మెయిన్ బజారు మీదుగా కదులుతుంది. రథం తాడు ఒక్కసారి తాకితే చాలని వేలమంది వస్తారు. ఆ రోజు మా వీధిలో ఒక్క బండి ఉండదు. బోర్డులు లోపలికి పోతాయి. చీర కట్టిన బొమ్మలు లోపలికి పోతాయి. మెట్ల ముందు పెట్టే పెట్టెలు, స్టాండ్లు అన్నీ పోతాయి. ఎవరూ ఫైన్ వేయనక్కర్లేదు, క్రేన్ రానక్కర్లేదు. ముందు రోజు రాత్రే ఎవరికి వాళ్లం తీసేస్తాం, పక్కవాడు మరిచిపోతే వాడి బండి కూడా మేమే జరుపుతాం. తెల్లవారి చూస్తే వీధి ఎంత వెడల్పో తెలుస్తుంది. నేను కొత్తకోడలిగా వచ్చినప్పటి వీధి అది. గాలిగోపురం 1807–09 మధ్య రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కట్టించారు. 11 అంతస్తులు, 153 అడుగులు. తలెత్తి దాన్ని చూస్తూ నడవగలిగేది ఆ ఒక్కరోజే. మిగతా రోజుల్లో కళ్లు నేల మీద, చక్రాల మీద పెట్టుకుని నడవాలి.

తిరునాళ్ల రోజును మామూలు రోజుతో పోల్చనులెండి. ఆ జనం వేరు, ఆ బేరం వేరు. పైగా రోజూ అలా ఖాళీగా ఉంచితే నేతగాడి మూట ఎలా వస్తుందని నేనే పైన రాశాను. నేను చెప్పేది ఇంతే. మేము తీయగలం. దేవుడి రథం కోసం తీయగలిగినప్పుడు, ఆ దేవుణ్ని చూడటానికి నడిచి వచ్చే ముసలమ్మ కోసం ఆరడుగులు తీయలేమా?

బండ్లన్నీ ఆపేసి వీధి మొత్తం నడకకే ఇచ్చిన ఊళ్లున్నాయి. ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా ఉన్న బజారును బాగుచేసి 2021లో తెరిచారు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మోటారు బండ్లు రాకూడదన్నది అక్కడి నియమం. అదీ బట్టల వ్యాపారం ఉన్న బజారే. పుదుచ్చేరి వెళ్లినప్పుడు సముద్రం పక్క రోడ్డు సాయంత్రం ఆరింటికి బండ్లకు మూసేయడం నేను కళ్లారా చూశాను. పిల్లలు రోడ్డు మధ్యలో పరిగెడుతున్నారు, తల్లిదండ్రులు ఏ టెన్షన్ లేకుండా వెనక నడుస్తున్నారు. చూస్తే కడుపు నిండింది. కానీ మా బజారుకు అంత అక్కర్లేదు, అది మాకు సరిపడదు కూడా. పేరుకు ఇప్పుడు తాడేపల్లితో కలిసి కార్పొరేషన్ అయ్యాం గానీ, మెయిన్ బజారులో ఇది ఇంకా అందరూ అందరికీ తెలిసిన చిన్న ఊరే. చిన్న ఊరికి చిన్న ఏర్పాటు చాలు.

మొదటగా మా బండ్లు, మా దగ్గర పనిచేసే పిల్లల బండ్లు బజారు బయట పెట్టుకుందాం. ఐదారు నిమిషాలు నడిచే దూరంలో ఒక ఖాళీ స్థలం అద్దెకైనా సరే చూసి, పైన రేకులు వేయించి, ఒక మనిషిని కాపలా పెడితే నెలకు తలా కొంత వేసుకోవచ్చు. నేను ముందు ఇస్తాను. ఇంత చేస్తే చాలు, ఒక్క రూపాయి ప్రభుత్వ ఖర్చు లేకుండా మా వైపే పదిహేను బండ్ల చోటు కొనేవాళ్లకు దొరుకుతుంది. బాబాయి గారిలాంటి మోకాళ్ల నొప్పుల వాళ్లను ఇందులోంచి వదిలేయాలి. వాళ్ల బండి షాపు దగ్గరే ఉండనిద్దాం, నాకేం అభ్యంతరం లేదు.

తర్వాత గీత. షాపు మెట్ల నుంచి ఆరడుగులు కొలిచి పసుపు గీత గీయాలి. గీత లోపల బండి ఉండకూడదు, బోర్డు ఉండకూడదు, బొమ్మ ఉండకూడదు, మా ర్యాంపులు కూడా బయటికి తోసుకుని రాకూడదు. కాలవ మీద పలకలు సమంగా ఉండాలి, లేకపోతే గీత ఉన్నా పెద్దవాళ్లు దాని మీద నడవరు. గీత బయట బండ్లు ఒక వైపే పెట్టుకోవాలి. సరి తేదీల్లో ఇటు, బేసి తేదీల్లో అటు అనేది చాలా ఊళ్లలో ఉన్న పద్ధతే. ఎప్పుడూ ఒకే వైపు అంటే రెండో వైపు షాపుల వాళ్లు ఒప్పుకోరు, నేనైనా ఒప్పుకోను. కార్లకు బజారులో రెండు మూడు చోట్లు చాలు, అవీ పెద్దవాళ్లను, నడవలేని వాళ్లను దించడానికి. దించాక కారు బయటి స్థలానికి పోవాలి. ఒక కారు నిలిచే పొడవులో ఐదు టూవీలర్లు పక్కపక్కన నిలబడతాయి. అంటే ఒక కారు పూటంతా నిలిస్తే ఎన్ని బేరాలు పోయాయో షాపులో కూర్చున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. సరుకు లారీలు, వ్యాన్లు పొద్దున తొమ్మిదిలోపు దించి వెళ్లిపోతే బాగుంటుంది. నేతగాళ్ల సైకిళ్లు, మోపెడ్లు ఎప్పుడు వచ్చినా ఎవరూ ఏమీ అనకూడదు.

ఇక్కడ ఒక భయం ఉంది, అది కూడా చెప్పాలి. వీధి బాగుచేద్దామని మొదలుపెట్టినప్పుడల్లా ముందు లేచిపోయేది పూలమ్మే ఆవిడ బుట్ట, నిమ్మకాయల బండి, గాజుల బండి. ఆవిడ బుట్ట ఎంత చోటు తింటుంది? నా స్కూటీలో సగం. వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టం వచ్చింది. వాళ్లను ఉన్నపళంగా లేపేయకూడదని, వాళ్ల ప్రతినిధులు కూడా ఉండే కమిటీ కూర్చుని చోట్లు నిర్ణయించాలని అందులో ఉంది. గీత గీసే రోజున ఆ పూలమ్మే ఆవిడను కూడా పిలిచి ఎక్కడ కూర్చుంటుందో అడగాలి. మా అత్తయ్య గుడికి వెళ్లడంలో ఆవిడతో మాట్లాడటం కూడా ఒక భాగం అని ముందే రాశాను.

చట్టాలు లేక కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 122వ సెక్షన్ ఉంది. ఇతరులకు ప్రమాదం గానీ అడ్డంకి గానీ కలిగేలా బహిరంగ స్థలంలో బండి నిలపకూడదని స్పష్టంగా ఉంది. 2025 మే 14న సుప్రీంకోర్టు కూడా ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఫుట్‌పాత్‌లు దివ్యాంగులకు కూడా అందుబాటులో ఉండాలని, ఆక్రమణలు తొలగించాలని చెప్పింది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు, వాళ్లలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. మణికట్లు విరిగినవాళ్లు, భయపడి ఇంట్లో కూర్చుండిపోయినవాళ్లు ఆ అంకెల్లో లేరు. మా అత్తయ్య ఏ లెక్కలోనూ లేరు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

ఫైన్లతోనే ఇది తేలుతుందని నేను అనుకోను. ఫైన్ పడేది పావుగంట ఆగిన కొనుగోలుదారుకు, పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలిపే మాకు కాదు. ఎందుకంటే దూరం నుంచి పోలీసు కనబడగానే మేం జరిపేస్తాం, వెళ్లగానే పెట్టేస్తాం. ముందు చోటు చూపించాలి, తర్వాత గీత గీయాలి, ఒక నెల నచ్చజెప్పాలి, అప్పటికీ వినకపోతే ఫైన్ వేయాలి. మొదటి ఫైన్ షాపు యజమానికే పడాలి.

నేను చేసింది కూడా చెప్తాను. సంక్రాంతి తర్వాతి నుంచి నా స్కూటీ ఇంటి దగ్గరే ఉంటోంది. ఇల్లు దూరమేమీ కాదు, నడిస్తే పన్నెండు నిమిషాలు. ఇన్నేళ్లూ ఎందుకు బండి తీశానో నాకే తెలియదు. మొదటి వారం బాబాయి గారు చెప్పినట్టే జరిగింది, నా చోటులో ఎవరిదో కారు మూడు గంటలు నిలిచింది. రెండో వారం నేను మెట్ల ముందు ముగ్గుపిండితో గీత వేశాను, ఆరడుగులు కొలిచి. నవ్విన వాళ్లున్నారు. కానీ బండ్ల మీద వచ్చేవాళ్లు ఆ గీత చూసి దాని బయటే పెడుతున్నారు, ఎవరూ చెప్పకుండానే. వాన పడితే పోతుంది, రోజూ పొద్దున మళ్లీ వేస్తున్నాను. ఇప్పుడు మా వరసలోనే రెడీమేడ్ షాపు వాళ్లు, టీ కొట్టు అబ్బాయి కూడా వాళ్ల ముందు వేసుకుంటున్నారు. స్టీలు సామాన్ల బాబాయి గారు తన బండిని గీత బయటికి జరిపి, బయట పెట్టే బిందెల స్టాండు లోపలికి తీశారు. మా నాలుగు షాపుల ముందు మనిషి తిన్నగా నడవొచ్చు. ఐదో షాపు దగ్గర మళ్లీ రోడ్డు మీదికి దిగాలి.

ఆ ఐదో షాపు నుంచి గాలిగోపురం దాకా ఈ గీత సాగాలన్నదే నా కోరిక. దానికి ముగ్గుపిండి చాలదు. ఈ ఉత్తరం చూసి బజారు సంఘం పెద్దలు గానీ, అధికారులు గానీ, గుడి వాళ్లు గానీ ఒక శనివారం సాయంత్రం ఆరింటికి వస్తే, మీటరు బద్ద పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా నేనే వెంట నడిచి చూపిస్తాను. షాపు అమ్మాయి చూసుకుంటుంది. మా అత్తయ్యను కూడా రమ్మని అడిగాను. "మీ నాలుగు షాపుల వరకైతే వస్తాను" అన్నారు.

ఇట్లు,
మెయిన్ బజారులో మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్న మీ పాఠకురాలు,
మంగళగిరి